పలుగూ పారా పట్టిన సైన్యం: రోమన్ ముట్టడి గోడల లెక్క ఏమిటి?

మూడడుగుల లోతు గొయ్యి. పైన వెడల్పుగా ఉండి, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. లోపల మనిషి తొడంత లావు కర్ర నిలబెట్టి ఉంది. దాని కొన చెక్కి, నిప్పులో కాల్చి గట్టిపరిచారు. కదలకుండా కర్ర మొదలు దగ్గర అడుగు మందాన మట్టి పోసి తొక్కారు. నేలకు పైన ఆ కర్ర నాలుగు వేళ్ల ఎత్తుకు మించి కనిపించదు. గొయ్యి కనబడకుండా పుల్లలూ కంపా పరిచారు. ఇలాంటి గోతులు ఎనిమిది వరసలు, వరసకూ వరసకూ మధ్య మూడడుగులు. పాచిక మీద అయిదు చుక్కలు ఎలా ఉంటాయో, గోతుల అమరిక అలా ఉంటుంది. ఒకదాన్ని తప్పించుకుని పక్కకు అడుగేస్తే ఇంకోదాంట్లో పడాల్సిందే.

రోమన్ సైనికులు ఈ గోతులకు పెట్టుకున్న పేరు లిల్లీ. పైనుంచి చూస్తే పువ్వులా ఉంటుందని.

ఇవి క్రీస్తుపూర్వం 52లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని అలేసియా అనే కొండ ఊరి చుట్టూ జూలియస్ సీజర్ తవ్వించిన గోతులు. ఈ వర్ణన కూడా ఆయన స్వయంగా రాసుకున్నదే. రోమన్ ముట్టడి అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది రాళ్లు విసిరే యంత్రాలు, గోడల మీదికి ఎగబాకే నిచ్చెనలు. అవీ ఉన్నాయి. కానీ ముట్టడిలో ఎక్కువ రోజులు జరిగేది తవ్వకం, మట్టి మోత, చెట్లు కొట్టడం. ఈ సంగతి పట్టించుకోకపోతే రెండు విషయాలు అర్థం కావు. ఊరిని చుట్టుముట్టినవాళ్లు తమ చుట్టూ కూడా గోడ ఎందుకు కట్టుకుంటారన్నది ఒకటి. 2024లో మసాదా అనే ఎడారి కోట ముట్టడి గురించి వచ్చిన పరిశోధన మీద అంత చర్చ ఎందుకన్నది రెండోది.

రెండు గోడలు, తారుమారయ్యే పేర్లు

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. ముట్టడి అంటే ఊరిని లేదా కోటను చుట్టుముట్టి, లోపలికి తిండీ మనుషులూ వెళ్లకుండా, లోపలివాళ్లు బయటకు రాకుండా చేయడం. అందుకోసం ఊరి చుట్టూ కట్టే కట్టడం మొదటి వలయం. దాని ముఖం ఊరివైపు ఉంటుంది. లోపలివాళ్లను కాపాడటానికి బయటి నుంచి సైన్యం వస్తుందన్న భయం ఉంటే, ముట్టడి చేసేవాళ్లు తమ వీపు వెనక ఇంకో వలయం కడతారు. దాని ముఖం బయటివైపు. రెండింటి మధ్య పట్టీలో ముట్టడి సైన్యం బతుకుతుంది.

వీటికి పుస్తకాల్లో కనిపించే పేర్లు సర్కమ్‌వలేషన్, కాంట్రవలేషన్. లాటిన్‌లో సర్కమ్ అంటే చుట్టూ, కాంట్రా అంటే ఎదురుగా, వల్లం అంటే కర్రల దడి కట్టిన కట్ట. ఏ వలయానికి ఏ పేరన్న దగ్గర తికమక మొదలవుతుంది. 17వ శతాబ్దపు యూరప్ సైనిక ఇంజినీర్ల వాడుకలో ఊరివైపు ముఖం ఉన్నది కాంట్రవలేషన్, బయటివైపుది సర్కమ్‌వలేషన్. అలేసియాలో తవ్వకాలు జరిపిన ఫ్రెంచ్ పరిశోధకులు ఈ పద్ధతే పాటిస్తారు. ఇంగ్లీషులో మామూలు పాఠకుల కోసం రాసినవాటిలో చాలాచోట్ల సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. రెండు వ్యాసాలు చదివి బుర్ర తిరిగిందంటే తప్పు చదివినవాళ్లది కాదు. అందుకే ఇక్కడ లోపలి వలయం, బయటి వలయం అనే అంటాను.

బయటి నుంచి ఎవరూ రారని తెలిస్తే ఒక్క వలయం చాలు. క్రీ.పూ. 134-133లో స్పెయిన్‌లోని నుమాంటియా అనే ఊరిని రోమన్ సేనాపతి స్కిపియో ఎమిలియానస్ అలాగే పట్టాడు. చుట్టూ ఏడు శిబిరాలు, వాటిని కలుపుతూ కందకం, గోడ. ఊరి పక్కన పారే దువెరో నది మీద వంతెన కట్టడం కుదరలేదు. దాంతో ఒడ్డున బురుజులు కట్టి, దూలాలకు కత్తులూ బల్లేలూ బిగించి, తాళ్లతో నీళ్లలో వదిలాడు. ప్రవాహానికి అవి గిరగిరా తిరుగుతూ ఉండేవి. ఈదేవాడు గానీ పడవ గానీ దాటే దారి లేదు. ఊరు ఆకలికి లొంగిపోయింది.

తెలుగు పాఠకులకు ఒక పోలిక ఉపయోగపడుతుంది. ఓరుగల్లు కోటలో కాకతీయులు రాతి గోడ, దాని చుట్టూ అగడ్త, ఇంకా బయట మట్టికోట కట్టారు. అక్కడ వలయాలన్నీ లోపలున్నవాళ్ల రక్షణకు. రోమన్ ముట్టడిలో పనితనం దాదాపు అదే, కందకమూ మట్టికట్టా. కాకపోతే అది కట్టేది దాడికి వచ్చినవాడు, అదీ కొన్ని వారాల్లో.

సైనికుడి మూటలో ఏముండేది

అంత తొందరగా ఎలా కట్టగలిగారు? వాళ్లకది రోజువారీ పని. శత్రువుల నేలలో నడిచేటప్పుడు రోమన్ సైన్యం సాయంత్రం ఎక్కడ ఆగితే అక్కడ శిబిరం చుట్టూ కందకం తవ్వి, మట్టిని లోపలివైపు కట్టగా పోసి, దాని మీద కర్రలు పాతేది. మర్నాడు మళ్లీ నడక, సాయంత్రం మళ్లీ తవ్వకం. మొదటి శతాబ్దంలో రోమన్లను దగ్గర నుంచి చూసిన యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఒక్కో కాలిబంటు మోసే సామాను చెప్పాడు: రంపం, బుట్ట, పలుగు, గొడ్డలి, తోలుపట్టీ, కొడవలి, గొలుసు. బరువు మోయడంలో కాలిబంటుకూ కంచర గాడిదకూ పెద్ద తేడా లేదని కూడా అన్నాడు.

వాళ్ల ముఖ్యమైన పనిముట్టు పేరు డొలాబ్రా. ఒకవైపు గొడ్డలి అంచు, ఇంకోవైపు పలుగులా మొనదేలిన ఇనుము. చెట్టు కొట్టడానికీ నేల తవ్వడానికీ అదే. శత్రువును గెలవాల్సింది డొలాబ్రాతోనే అని సేనాపతి కోర్బులో అనేవాడని రోమన్ రచయిత ఫ్రాంటినస్ రాశాడు. తెలుగులో ‘పలుగూ పారా పట్టడం’ అంటే మన మనసులో మెదిలేది చెరువు పూడిక, కాలవ పని. రోమ్‌లో అది యుద్ధం పనే.

అలేసియా: దాడి ఎందుకు చేయలేదు

క్రీ.పూ. 52 నాటికి గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లో, చాలా తెగలు కలిసి సీజర్ మీద తిరగబడ్డాయి. నాయకుడు ఆర్వెర్నీ తెగకు చెందిన వెర్సింజెటోరిక్స్. ఆ ఏడాదే జెర్గోవియా అనే కొండ ఊరి మీద రోమన్లు నేరుగా ఎగబాకారు. దెబ్బతిన్నారు. సీజర్ లెక్క ప్రకారమే దాదాపు 700 మంది చచ్చిపోయారు, అందులో 46 మంది సెంచూరియన్లు, అంటే దళాలను ముందుండి నడిపించే అధికారులు. కొండ మీది గోడను నేరుగా ఢీకొట్టడం ఎంత ఖరీదైన పనో సీజర్‌కు అక్కడ తెలిసొచ్చింది.

కొన్ని నెలలకే వెర్సింజెటోరిక్స్ తన సైన్యంతో అలేసియాకు చేరాడు. చదునైన ఎత్తు కొండ. రెండు పక్కలా ఓజ్, ఓజరాన్ అనే చిన్న నదులు. ముందు మూడు మైళ్ల మైదానం, మిగతా వైపుల ఎత్తులో ఇంచుమించు సమానమైన కొండలు. లోపల 80 వేల మంది సైనికులున్నారని సీజర్ లెక్క. వాళ్లు గాక ఆ ఊరు ఎవరిదో ఆ మాండుబీ తెగవాళ్లు, పిల్లాజెల్లాతో సహా.

వలయం పూర్తి కాకముందే వెర్సింజెటోరిక్స్ ఒక రాత్రి తన గుర్రపు దళాన్ని బయటికి పంపేశాడు. ఎవరి తెగకు వాళ్లు వెళ్లి, ఆయుధం పట్టగల ప్రతివాణ్ణీ తీసుకురండని చెప్పాడు. లోపల తిండి 30 రోజులకు, పొదుపుగా వాడితే ఇంకొంచెం ఎక్కువకు సరిపోతుంది. పారిపోయి వచ్చినవాళ్ల ద్వారా ఈ సంగతి సీజర్‌కు తెలిసింది. బయటి సైన్యం ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తుందన్నది మాత్రం ఖాయం. రెండో వలయం కట్టాల్సి రావడానికి కారణం ఇదే.

ఊరి నుంచి బయటికి నడిస్తే

మైదానం వైపు ఊరి గోడ దిగి రోమన్ల వైపు నడిచే మనిషిని ఊహించుకోండి. సీజర్ రాసిన వరసలోనే అతనికి ఏమేం ఎదురవుతాయో చూద్దాం. రోమన్ అడుగు సుమారు 29.6 సెంటీమీటర్లు, మన అడుగు కన్నా కాస్త తక్కువ.

మొదట 20 అడుగుల వెడల్పు కందకం, గోడలు నిట్టనిలువుగా. ఇది అసలు కట్టడానికి చాలా ముందే, దూరంగా ఉంటుంది. వెనక పనిచేసేవాళ్ల మీదికి రాత్రిపూట హఠాత్తుగా దూసుకు రాకుండా, పగలు ఈటెలు విసరకుండా చేయడం దీని పని.

అది దాటితే నేలలో అక్కడక్కడా దాచిన అడుగు పొడవు కర్రలు. ఒక్కోదానికి ఇనప కొక్కెం. వీటి లాటిన్ పేరు స్టిములి. స్టిములస్ అంటే ఎద్దుల్ని అదిలించే ముల్లుగర్ర. తర్వాత లిల్లీ గోతులు ఎనిమిది వరసలు. ఆ తర్వాత అయిదడుగుల లోతు పొడవాటి గుంటలు. వాటిలో కొమ్మలతో సహా కొట్టిన చెట్ల మొద్దులు పాతి, కొమ్మల కొనలు చెక్కి, అయిదు వరసలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేలా అల్లారు. వీటిని సైనికులు సిప్పీ అన్నారు. ఆ మాటకు సరిహద్దు రాయి, సమాధి రాయి అని అర్థాలు. అందులోకి దూరినవాడు తనను తానే గుచ్చుకుంటాడు.

ఇవన్నీ దాటితే 15 అడుగుల వెడల్పు, అంతే లోతున్న కందకాలు రెండు. వాటిలో ఒకదాంట్లోకి, నేల పల్లంగా ఉన్నచోట, నది నీళ్లు మళ్లించారు. వాటి వెనక 12 అడుగుల ఎత్తు కట్ట. కట్ట మీద కొమ్మలతో అల్లిన తడిక గోడ. కట్టకూ తడికకూ మధ్య నుంచి దుప్పి కొమ్ముల్లా బయటికి పొడుచుకొచ్చిన చీలిక కర్రలు, ఎక్కేవాణ్ణి ఆపడానికి. ప్రతి 80 అడుగులకూ ఒక బురుజు. ఇది లోపలి వలయం, చుట్టుకొలత 11 రోమన్ మైళ్లు. బయటి వలయం కూడా ఇదే రకం, ముఖం అటువైపు, చుట్టుకొలత 14 మైళ్లు.

ఈ అడ్డంకులు వేటికవే మనిషిని పూర్తిగా ఆపలేవు. కందకాన్ని పూడ్చొచ్చు, గోతిని దాటొచ్చు. కానీ ప్రతిదానికీ సమయం పడుతుంది. ఆ సమయమంతా దాడిచేసేవాడు ఒకేచోట, వెలుతురులో, బాణాలకూ రాళ్లకూ అందే దూరంలో ఉంటాడు. కట్ట మీద పలచగా ఉన్న కాపలావాళ్లకు ఆ కాసేపు చాలు, పక్క బురుజు నుంచి సాయం వచ్చేస్తుంది. సీజర్ కూడా కారణం ఇలాగే చెప్పాడు. కలపకూ తిండిగింజలకూ సగం మంది దూరం పోవాల్సి వస్తోంది, కాబట్టి తక్కువ మందితో కాపాడుకునేలా కట్టాలి అని.

కాగితం మీద లెక్క వేస్తే

ఇదంతా నెలలోపు సాధ్యమేనా? లెక్క మనమే వేసి చూద్దాం.

రోమన్ మైలు సుమారు 1,480 మీటర్లు. 11 మైళ్లంటే 16 కిలోమీటర్ల పైచిలుకు, 14 మైళ్లంటే దాదాపు 21. కందకం 15 అడుగులంటే 4.4 మీటర్లు. రోమన్ కందకాలు చాలావరకు కిందికి సన్నబడతాయి కాబట్టి అడ్డకోత త్రిభుజం అనుకుందాం. అప్పుడు ఒక మీటరు పొడవుకు దాదాపు 10 ఘనపు మీటర్ల మట్టి. లోపలి వలయంలో రెండు కందకాలకు 3.2 లక్షల ఘనపు మీటర్లు. బయట కూడా రెండే అనుకుంటే 4.1 లక్షలు. మొత్తం 7.3 లక్షలు.

ఒక మనిషి రోజుకు రెండు ఘనపు మీటర్లు తవ్వి పోస్తాడనుకుందాం. ఉపాధి హామీ పనుల్లో గట్టినేల తవ్వినవాళ్లను అడగండి, అది నడుం విరిగే పనే. సీజర్ దగ్గర సుమారు 50 వేల మంది ఉన్నారన్నది చరిత్రకారుల్లో ఎక్కువ మంది అంచనా. కాపలాకూ, కలపకూ, గింజలకూ పోయినవాళ్లు పోగా ఒకేసారి 15 వేల మంది తవ్వుతున్నారంటే రోజుకు 30 వేల ఘనపు మీటర్లు. 7.3 లక్షలకు 24 రోజులు. ఇందులో మొదటి 20 అడుగుల కందకం లేదు, గోతులు లేవు, బురుజులు లేవు. 80 అడుగులకు ఒకటి చొప్పున రెండు వలయాలకూ కలిపి బురుజులే 1,500కు పైగా తేలతాయి.

అంటే నెలకు కాస్త అటూ ఇటూగా, ఊపిరి సలపకుండా పనిచేస్తే జరిగే పని. సీజర్ ఇచ్చిన కొలతలు అన్నిచోట్లా అక్షరాలా నిజమైతే మాత్రం చాలా కష్టం.

తిండి లెక్క ఇంకా టెన్షన్ పెడుతుంది. రోమన్ సైనికుడికి నెలకు పాతిక కిలోలకు పైగా గోధుమలు పడేవి. లోపల 80 వేల మందికి అదే లెక్కన పెట్టాలంటే నెలకు 2,000 టన్నులు. కొండపైన చదును 97 హెక్టార్లు, అంటే 240 ఎకరాలు. 80 వేల మందికి పంచితే తలకు 14 చదరపు గజాలు. మాండుబీలూ, పశువులూ, ఇళ్లూ అందులోనే. ఈ లెక్క చూశాకే చాలామంది చరిత్రకారులు 80 వేలన్న అంకెను అనుమానిస్తారు. బయటి నుంచి వచ్చిన సైన్యం దాదాపు రెండున్నర లక్షలన్న అంకె మీద అనుమానం ఇంకా ఎక్కువ. శత్రువు ఎంత పెద్దవాడైతే గెలిచినవాడి పేరు అంత పెద్దది. పైగా సీజర్ రాసింది రోమ్‌లో తన పరపతి పెంచుకోవడానికి కూడా.

నేల ఏం చెప్పింది

1861 నుంచి 1865 వరకు ఫ్రెంచ్ చక్రవర్తి మూడో నెపోలియన్ అలీజ్-సాంత్-రేన్ అనే ఊరి దగ్గర తవ్వకాలు చేయించాడు. కందకాలు బయటపడ్డాయి. 1991 నుంచి 1997 వరకు మిషెల్ రెడ్డే, సీగ్మార్ ఫాన్ ష్నుర్బైన్ నాయకత్వంలో ఫ్రెంచ్, జర్మన్ పరిశోధకులు కలిసి మళ్లీ తవ్వారు. విమానం నుంచి తీసిన ఫొటోలు వాళ్లకు బాగా సాయపడ్డాయి. పూడిపోయిన కందకంలో తేమ ఎక్కువ నిలుస్తుంది, అక్కడ పైరు వేరే రంగులో కనిపిస్తుంది. రెండు వేల ఏళ్ల నాటి గీత గోధుమ చేలో కనబడటం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

వాళ్లు తేల్చింది ఒక్క మాటలో అవుననీ కాదు, కాదనీ కాదు. రెండు వలయాలున్నాయి, శిబిరాలున్నాయి, గోతుల వరసలున్నాయి. కానీ కొలతలు చోటుకో తీరు. చాలాచోట్ల కందకాలకు సీజర్ చెప్పిన లోతు లేదు. ఉచ్చులు అన్నిచోట్లా ఒకే వరసలో లేవు. కొన్నిచోట్ల బురుజులు 80 అడుగుల కన్నా దగ్గర దగ్గరగా ఉన్నాయి. సీజర్ ఒక నమూనాను వర్ణించాడు, కట్టినవాళ్లు నేలను బట్టి, శత్రువు రాగల దారిని బట్టి మార్చుకున్నారు అన్నది సబబైన వివరణ. పైన మనం వేసిన 24 రోజుల లెక్క కూడా దాంతో చాలా తేలికవుతుంది.

అసలు ఆ ఊరే అలేసియా కాదన్నవాళ్లూ ఉన్నారు. 1960లలో ఆంద్రే బెర్తియే సీజర్ వర్ణనను పటం మీద పెట్టి చూసి, జూరా కొండల్లోని షో-దే-క్రోతనే సరిపోతుందన్నాడు. ఆయన పక్షానికి బలమైన వాదన ఉంది: అలీజ్ దగ్గరి కొండలూ నదులూ సీజర్ మాటలతో అన్నిచోట్లా పొసగవు. కానీ అలీజ్ దగ్గర కందకాలు దొరికాయి, ఆ కాలపు ఆయుధాలూ నాణేలూ దొరికాయి. సీజర్ కుడిభుజం టైటస్ లేబియేనస్ పేరు పొట్టి అక్షరాల్లో ఉన్న వడిసెల సీసపు గుండు కూడా దొరికింది. జూరాలో అలాంటి రోమన్ ముట్టడి కట్టడం ఏదీ బయటపడలేదు. పురావస్తు శాస్త్రవేత్తల్లో అత్యధికులు అలీజ్ వైపే ఉన్నారు. నాకూ ఆ సాక్ష్యమే బలంగా కనిపిస్తుంది. రాత ఒకలా, నేల ఒకలా చెప్పినప్పుడు నేలకు అబద్ధమాడే అవసరం లేదు.

మట్టితో కట్టినదాన్ని మట్టితోనే పూడ్చారు

బయటి సైన్యం వచ్చింది. రాత్రిపూట ఒకసారి మైదానం వైపు దాడి చేసింది. దూరంగా ఉన్నంతసేపు ఆ జనసమూహం విసిరే ఈటెలదే పైచేయి. దగ్గరికి వచ్చేసరికి చీకట్లో ముల్లుగర్రలు దిగి, గోతుల్లో పడి, కట్ట మీది నుంచి వచ్చే బల్లేలకు దొరికిపోయారు. అక్కడ కాపలా చూసినవాళ్లలో మార్క్ ఆంటోనీ ఒకడు.

తర్వాతి దాడి బలహీనమైన చోట పడింది. ఉత్తరాన ఒక కొండ మరీ పెద్దది కావడంతో వలయంలోకి రాలేదు. రోమన్లు దాని వాలులో, శత్రువుకు కింద, శిబిరం వేసుకోవాల్సి వచ్చింది. బయటి సైన్యం నాయకుల్లో ఒకడైన వెర్కాసివెల్లౌనస్ ఏరిన మనుషులతో రాత్రంతా నడిచి, కొండ వెనక ఆగి, మిట్టమధ్యాహ్నం పైనుంచి దిగాడు. అతని మనుషులు గోతులూ ముళ్లూ దాచిన నేల మీద మట్టి కుమ్మరించి కప్పేశారు. అంత శ్రమా కొన్ని గంటల్లో మట్టిపాలైంది. అక్కడికి లేబియేనస్ ఆరు దళాలతో వెళ్లాడు, తర్వాత మరికొందరు, చివరికి సీజరే. ఈలోగా రోమన్ గుర్రపు దళం బయటి నుంచి చుట్టు తిరిగి గాల్ సైన్యం వెనక తేలింది. గెలిపించింది ఆ కదలికే. గోడలు అంతవరకు నిలదొక్కుకునే సమయం ఇచ్చాయి. మర్నాడు వెర్సింజెటోరిక్స్ లొంగిపోయాడు. క్రీ.పూ. 46లో రోమ్‌లో సీజర్ విజయోత్సవం జరిగాక చంపేశారు.

గోడ చాలనప్పుడు: మట్టి దిబ్బ

ఆకలికి వదిలేసే ఓపిక గానీ తీరిక గానీ లేకపోతే రోమన్ల రెండో దారి దిబ్బ. ఊరి గోడ ఎత్తుకు చేరేలా మట్టీ కలపా పోసి ఏటవాలు దారి కట్టడం. అలేసియాకు కొన్ని నెలల ముందే అవారికం దగ్గర, వానల్లో, చలిలో, 330 అడుగుల వెడల్పు, 80 అడుగుల ఎత్తు దిబ్బను 25 రోజుల్లో లేపామని సీజర్ రాశాడు. లోపలివాళ్లు కింద సొరంగం తవ్వి దానికి నిప్పు పెట్టారు, అయినా ఊరు పడింది. దాదాపు 40 వేల మందిలో 800 మంది మిగిలారని ఆయన లెక్క.

ఇక మసాదా. మృత సముద్రం పక్కన ఎడారిలో ఒంటరి కొండ. రోమ్ మీద తిరగబడ్డ యూదుల్లో, జెరూసలేం పడిపోయాక మిగిలిన చివరి గుంపు ఒకటి అక్కడ ఉంది. క్రీ.శ. 73 లేదా 74లో రోమన్ గవర్నర్ ఫ్లేవియస్ సిల్వా కొండ చుట్టూ నాలుగు కిలోమీటర్లకు పైగా రాతి గోడ, ఎనిమిది శిబిరాలు, పడమర వైపు దిబ్బ కట్టించాడు. ఎడారి కాబట్టి అవి ఇప్పటికీ కంటికి కనిపిస్తాయి. ఈ ముట్టడి నెలల తరబడి, కొందరి మాటల్లో ఏళ్ల తరబడి సాగిందన్న కథ బాగా వ్యాపించింది.

2024లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డ్రోన్లతో ఆ గోడల్ని కొలిచి, రాళ్ల పరిమాణం లెక్కగట్టి, గోడా శిబిరాలూ కట్టడానికి దాదాపు రెండు వారాలు చాలని, ముట్టడి మొత్తం కొన్ని వారాలే సాగి ఉంటుందని అన్నారు. అలేసియాకు మనం పైన వేసిన లెక్క లాంటిదే, కాకపోతే కొలతలు సీజర్ మాట మీద కాకుండా నేల మీద తీసినవి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కట్టడానికి కనీసం ఎంతకాలం చాలునన్నది ఒక ప్రశ్న, ముట్టడి ఎంతకాలం సాగిందన్నది ఇంకో ప్రశ్న. మొదటిది కొలతల్లో తేలుతుంది. రెండోదానికి నీళ్లూ తిండీ ఎంత దూరం నుంచి మోశారు, దిబ్బకు ఎన్నాళ్లు పట్టింది అన్నవి కూడా కావాలి. దిబ్బ మీద కూడా వివాదం ఉంది. అందులో ఎక్కువ భాగం సహజంగా ఉన్న రాతి గుట్టేనని, రోమన్లు పైన కొంత మాత్రమే పోశారని 1990లలో ఒక భూగర్భ శాస్త్ర పరిశీలన వాదించింది. జోసెఫస్ కూడా దిబ్బను ముందే ఉన్న తెల్లటి రాతి గుట్ట మీద పోశారనే రాశాడు. ఆ వాదన నిజమైన మేరకు ముట్టడి కాలం ఇంకా తగ్గుతుంది.

పూర్తికాని అడ్డుగోడ

ఈ పద్ధతికి ఓటమి లేదనుకోవడం పొరపాటు. క్రీ.పూ. 48లో ఇప్పటి అల్బేనియా తీరంలో డిరాకియం దగ్గర సీజర్ అంతర్యుద్ధంలో తన ప్రత్యర్థి, సాటి రోమన్ సేనాపతి పాంపీని ఇలాగే చుట్టాడు. 17 మైళ్ల వలయం. పాంపీ లోపల తన సొంత వలయం 15 మైళ్లు, 24 చిన్న కోటలతో కట్టుకున్నాడు. చుట్టినవాడి దగ్గర మనుషులు తక్కువ, చుట్టించుకున్నవాడి దగ్గర ఎక్కువ. పైగా పాంపీకి వెనక సముద్రం, ఓడల్లో తిండి. సీజర్ సైనికులు మాత్రం ఏదో దుంప తవ్వి రొట్టె చేసుకుని తిన్నారు. వలయం దక్షిణ కొస సముద్రాన్ని తాకేచోట రెండు కట్టలకూ మధ్య అడ్డుగోడ కట్టడం ఇంకా పూర్తి కాలేదు. ఆ సంగతి తెలిసిన ఇద్దరు సీజర్ పక్షం నుంచి పారిపోయి పాంపీకి చెప్పారు. ఓడల్లో వచ్చినవాళ్లు సరిగ్గా ఆ సందులోంచి లోపలికి జొరబడ్డారు. సీజర్ ముట్టడి ఎత్తేసి వెళ్లిపోవాల్సి వచ్చింది.

రెండు గోడల నడుమ

అలేసియా పటాల్లో ఊరి గోడకూ రోమన్ల లోపలి వలయానికీ మధ్య నేల ఖాళీగా తెల్లగా ఉంటుంది. అది ఖాళీ నేల కాదు.

30 రోజులు దాటాయి, గింజలు అయిపోయాయి, బయటి సైన్యం జాడ లేదు. లోపల సభ జరిగింది. పోరాడలేని ముసలివాళ్ల శరీరాలు తిని అయినా నిలబడదామని క్రిటోగ్నాటస్ అనే పెద్దమనిషి అన్నాడని సీజర్ రాశాడు. అందాకా రాకముందే ఇంకో మార్గం చూడాలనుకున్నారు. తమకు ఊళ్లో చోటిచ్చిన మాండుబీలనే ఆడవాళ్లతో, పిల్లలతో సహా బయటికి పంపేశారు. వాళ్లు రోమన్ కట్ట దగ్గరికి వచ్చారు. ఏడుస్తూ బతిమాలారు, బానిసలుగా అయినా తీసుకోండి, తిండి పెట్టండి అని. సీజర్ కట్ట మీద కాపలా పెట్టి, లోపలికి రానివ్వొద్దన్నాడు. ఊళ్లోకి తిరిగి రానిచ్చారని ఆయన ఎక్కడా రాయలేదు. వాళ్లు ఊరికీ శిబిరానికీ మధ్య దిక్కులేకుండా చచ్చిపోయారని రెండొందల ఏళ్లకు పైగా గడిచాక చరిత్రకారుడు కేసియస్ డియో రాశాడు.

లిల్లీ గోతుల లోతు, కర్రల లావు, వరసల మధ్య దూరం వేళ్లతో సహా లెక్క చెప్పిన సీజర్ పుస్తకంలో, మాండుబీలను ఆపిన సంగతికి దక్కింది ఒక్క చిన్న వాక్యం. దాని తర్వాతి వాక్యంలో బయటి సైన్యం అలేసియాకు చేరుతుంది.